ఇంకోడ్నడుగు

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు మేడ మీద
ఆరు కంప్యూటర్లు, గంటకి పాతిక రూపాయలు.
చెప్పులు మెట్ల కింద విడిచి వచ్చేవారు
డిగ్రీ ఫలితాలకీ, గల్ఫు వీసా ఫారాలకీ.
నెట్ సెంటర్ కూర్మారావంటే
అప్పట్లో టెక్కలి దాకా తెలుసు.

వెతికిపెట్టేవి ఎన్నుండేవో!
ఒకదానికి నల్లకుక్క బొమ్మ.
ఒకటి కోటు తొడిగిన నౌకరు, వంగి మరీ అడిగేవాడు.
ఇంకొకటి సోంపేట ప్యాసింజరులా ఎప్పుడూ ఆలస్యమే,
కానీ మిగతావాటికి దొరకనిది దానికే దొరికేది.
కుర్రాళ్లకి చెప్పేవాణ్ణి:
"దారి ఒక్కణ్ణే అడిగితే వాడి ఊరికే చేరతావు.
ఇద్దర్ని అడుగు. ఇద్దరూ ఒకటే చెబితే
మూడోవాణ్ణి కూడా అడుగు."

ఎప్పుడు పోయాయో తెలీదు.
ఒక చలికాలం కుక్క మొరగలేదు.
నౌకరు కోటు విప్పేసి ఎటో వెళ్లాడు.
మిగిలిన ఒకటి రెండింటికి గుమ్మాలు వేరేగానే ఉన్నాయి,
లోపలికెళ్తే అదే వంటిల్లు, అదే కూర.
ఎవర్నని ఏం లాభం? నేనే కదా
ఆరింటిలోనూ ఆ ఒక్కదాన్నే మొదటి పేజీగా పెట్టింది,
తొందరగా వస్తుందని.

ఇప్పుడొక్క కంప్యూటరు, ఒక జెరాక్సు, ఆధార్ ప్రింట్లు.

మొన్న మందస కొండ పక్కనించి బృందావతి వచ్చింది,
కొంగులో చుట్టిన జీడికొమ్మ.
చిగురు కొసలు నల్లబడి, పూత మాడిపోయి.
"ఏటైనాదో అడుగు బాబూ."
అడిగాను.
మొదటి జవాబు ఒక మందు అమ్మింది.
రెండోది అదే మందు, పెద్ద డబ్బా.
మూడోది జీడిపప్పు తింటే పది లాభాలంది.
నాలుగోది ఆ పదే, వరస మార్చి.

"ఈడు యాపారస్తుడిలాగున్నాడు," అందామె.
"మా పిక్కలు కొనీవోళ్లు నలుగురున్నప్పుడు బేరవాడీవోళ్లం.
ఇప్పుడొక్కడే. ఆడిచ్చిందే రేటు.
పోనీ, ఇంకోడ్నడుగు."

వేళ్లు కీబోర్డు మీదే ఉండిపోయాయి.
సొరుగులోంచి పాత లాంగ్‌నోట్సు తీశాను,
చిరునామాలన్నీ నా చేత్తో రాసుకున్నవి, కొన్ని ఆకుపచ్చ సిరాతో.
ఒక్కొక్కటీ కొట్టాను.
పేజీ లేదు.
పేజీ లేదు.
ఒకచోట, ఈ పేరు అమ్మబడును.
ఒకటి తెరుచుకుంది!
అడిగితే
అదే మందు, అదే పెద్ద డబ్బా.

ఐదు రూపాయలు బల్ల మీద పెట్టబోతే వద్దన్నాను.
మెట్లు దిగి బస్టాండులో కొమ్మ చూపించింది.
మెళియాపుట్టి బస్సుకి నిలబడ్డవాళ్లు మూగారు.
దోమన్నాడొకడు. మంచన్నాడొకడు.
"దోమా కాదు, మంచూ కాదు, ఆ ఇటికలబట్టీ పొగ," అంది గంపావిడ.
మాటా మాటా పెరిగింది.
బస్సొచ్చినా ఇద్దరు ఎక్కలేదు.

నేను పైన కిటికీ ఊచలు పట్టుకుని
ఎవరిది నిజమో తెలీక
చాలాసేపు విన్నాను.