ఎవరి మోకాలు

గౌస్ బాషా సైకిల్ షాపు ముందు
ఒక నల్లబల్ల ఉంది.
పంక్చరు రేట్లు రాయడానికి తెచ్చాడట.
రేట్లు ఎవరూ చదవలేదు, బేరమే ఆడారు.
అప్పట్నించీ బల్ల అందరిదైపోయింది.
పక్కన డబ్బాలో సుద్దముక్కలు,
మేకుకి వేలాడుతూ, తుడవడానికి, పాత లుంగీ పేలిక.

నేను కనిగిరి నించి బదిలీ మీద వచ్చినోణ్ణి.
గ్యాసు ఆఫీసులో బిల్లులు కొడతాను.
మొదటి వారం, ఎవరూ చూడకుండా
గుండ్రటి దస్తూరీతో రాశాను:
"సింహపురీ! పెన్నమ్మ ఒడిలో పవళించిన పసిడి నగరమా!!!"
మధ్యాహ్నానికి దాని మీదే
ఎవరో కూరగాయల లెక్క వేసుకున్నారు.
వంకాయ నలభై, దోసకాయ ఇరవై రెండు.
కూడిక కూడా తప్పు.

రెండోసారి కోపంగా రాశాను.
దోమల గురించి, మురుగు గురించి,
ఇదీ ఒక ఊరేనా అని.
గౌస్ బాషా లుంగీ పేలిక తడిపి
నా చేతికే ఇచ్చాడు.
"ఏ వీధి దోమలో చెప్పలేదు గదబ్బయా.
అందరి దోమలైతే ఎవురు కొట్టాల?"

ఆ తర్వాత నెల్లాళ్లు చదవడమే నా పని.
"సంతపేటలో రేపు కుళాయి రాదు. బిందెలు ఇయ్యాలే నింపుకోండి."
"ఆత్మకూరు బస్టాండు కాడ తాళాల గుత్తి దొరికింది.
ఎర్ర దారం ఉండాది. ఇంకో గుర్తు మీరు చెప్పాల."
"మూలాపేట డాక్టరమ్మ బుధవారం లేదు."
ఊరు అనే మాటే
ఎక్కడా కనపళ్లేదు.

కార్తీకంలో వాయుగుండం. రెండో రోజు వాన.
సాయంత్రం ఐదున్నరకి, తడిసి బరువెక్కిన చెప్పులతో
అండర్‌బ్రిడ్జి దాటి వచ్చి
చూరు కిందికి లాగిన బల్ల మీద రాశాను:
"విజయమహల్ గేటు కింద మోకాల్లోతు నీళ్లు."

టీ తాగి వచ్చేసరికి కింద ఒక ప్రశ్న.

"ఎవరి మోకాలు?"

చేపల గంప దించుకుని పెంచలమ్మ,
వేళ్లకి సుద్ద, ముక్కు కొసన వాన చుక్క.
నా కన్నా మూరెడు పొట్టి.
"నీ మోకాలంటే నాకు తొడ.
మా మనవరాలికి నడుం దాటుద్ది.
ట్యూషన్లు వదిలే యాళ.
సరింగా రాయి."

నిజమే. మా వైపు నీళ్లని
బిందెల్లో లెక్కపెడతాం, లోతుల్లో కాదు.
గొంతు ఎండడం తెలుసు నాకు,
గొంతు దాకా రావడం తెలీదు.

మళ్లీ వెళ్లాను.
గొడుగు మూసి, గోడవార ముంచి,
తడి గీతని బొటనవేలితో పట్టుకుని
వానలో తడుస్తూ వచ్చాను.
"విజయమహల్ గేటు కింద, ఐదూ యాభై.
ఆటో సీటు తడుస్తుంది. స్కూటరు సైలెన్సరు మునుగుతుంది.
పిల్లల్ని నడిపించొద్దు.
ఇంకా పెరుగుతోంది."

ఎవరూ బాగుందనలేదు.
ఒక ఆటో వచ్చి, ఆగి,
లైటు బల్ల మీద పడేట్టు కాస్త జరిగి,
తిప్పుకొని పోయింది.
వెనక యూనిఫాముల్లో ముగ్గురు,
ఒకడు నాలుక బైటికి చాపి వాన తాగుతున్నాడు.

ఏడింటికి ఎవరో "పెరుగుతోంది" కొట్టేసి
"నిలబడింది" అని దిద్దారు.
ఎనిమిదిన్నరకి ఇంకెవరో
"తీస్తుండాది."
నేను రాసిందాంట్లో గేటు పేరే మిగిలింది.
అందులోనూ ఒక దీర్ఘం తప్పిందని
గౌస్ బాషా షట్టరు దించబోతూ ఆగి
వేలితో తుడిచి సరిచేశాడు.

పెంచలమ్మ గంప మీద పట్టా కప్పుతూ అంది,
"పొద్దున ఐదుకి నేను పోవాల.
నాలుగున్నరకి చూసి రాస్తావా?
నా మోకాలి లెక్కన."

గొడుగు ఆమె పక్కన నిలబెట్టి
కొలత చూసుకున్నాను.
అక్కడ ఒక రబ్బరు బ్యాండు చుట్టాను, రెండు మెలికలు.
నాలుగుంబావుకి అలారం.
వాన మళ్లీ మొదలైంది.