తొమ్మిదో మడి

హెసరఘట్ట దాటాక, రోడ్డు దిగితే
ఎర్రమట్టిలో పద్నాలుగు మళ్ళు.
ప్రతి మడికీ ఒక రేకు బిళ్ళ,
బిళ్ళ మీద ఒక అంకె.
లెట్యూస్ పొట్లాల మీది పేర్లు
నాకు నోరు తిరగలేదు.
చౌడక్క అసలు ప్రయత్నించలేదు.
"అంకె చాల్లే పాపా,
బతికితే గదా పేరు పెట్టి పిల్చేది."

ఈ గింజలకు వేడి తగిలితే నిద్రపోతాయి.
చచ్చాయనుకుంటాం, పడుకునే ఉంటాయి.
అందుకని తడిగుడ్డలో చుట్టి
చిక్కబాణావర అద్దెగదిలో,
నా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన
మూడు రాత్రులు చలి తినిపించాను.
నాలుగో పొద్దున
జీలకర్రంత గింజకు
తెల్లటి మీసం.

నా పని కొలవడం.
ఆకు పొడవు, వెడల్పు,
నలభయ్యో రోజు బరువు,
మధ్యాహ్నం రెండింటికి మట్టి వేడి.
చేదుకు కూడా ఒక గడి ఉంది పుస్తకంలో,
ఒకటి నుంచి అయిదు దాకా.
నా నాలుక మూడు దగ్గర తడబడుతుంది.
అప్పుడు చౌడక్కను పిలిచి తుంచి ఇస్తాను.
ఆమె నమిలి, కళ్ళు మూసి,
"ఇది ఉత్త నీళ్ళు" అంటుంది.
"ఇది కాగితం."
"ఇది పర్లేదు, అయితే భయపడతా ఉంది."
భయానికి రెండున్నర వేశాను.

మార్చిలో ఆరో మడి అంచులు మాడ్చుకుంది.
పదకొండు, గుండు కట్టబోయి
మధ్యలో మరిచిపోయింది.
మూడూ పదమూడూ బుద్ధిగా ఉన్నాయి,
బుద్ధిగా ఉన్నవాటి గురించి రాసేది తక్కువ.
తొమ్మిది మాత్రం
నేను హిందూపురం వెళ్ళి వచ్చిన వారంలో
లేచి నిలబడింది.
ఆకుల సంగతి వదిలేసి ఒకటే కాడ,
మోకాలి దాకా, తరవాత నడుం దాకా,
ఎవరో పిలిచినట్టు.
తుంచితే పాలు.
వేళ్ళకు అంటి, ఆరి, గోధుమరంగు బంక.
నాలుక మీద పెట్టుకుంటే
అయిదు దాటిపోయింది.

"పనికిరాదు" అన్నారు పుట్టస్వామయ్య సారు
బండి దిగకుండానే.
"పీకించేయండి. నీళ్ళు దండగ."
నిజంగానే దండగ. బోరు వెయ్యి అడుగులు దిగి కూడా
దగ్గి దగ్గి పోస్తుంది.
హోటళ్ళకు కావలసింది
రొట్టెల మధ్య కరకరమనే ఆకు.
ఆయన్ని తప్పుపట్టను.
రిపోర్టులో ఆ వాక్యం రాసింది నేనే:
తొమ్మిది, ఈ ప్రాంతానికి సరిపడలేదు.
ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఓనరమ్మ అడిగింది,
మూడేళ్ళయింది కదా, కన్నడ వచ్చిందా అని.
స్వల్ప స్వల్ప అన్నాను.
ఆ ఒక్క మాట బాగా వచ్చు నాకు.

పీకినవాటిని చౌడక్క కొంగులో కట్టుకుపోయింది.
మర్నాడు స్టీలు డబ్బాలో మస్సొప్పు:
కందిబేడలు, చింతపండు, ఎండుమిరప, దండిగా వెల్లుల్లి.
చేదు యాడికి పోయిందక్కా అన్నాను.
"యాడికీ పోలే. కలిసింది."

కుళాయి వెనక ఒక్కదాన్ని ఆమె వదిలేసిందని
నాకు ఏప్రిల్లోనే తెలుసు.
నాకు తెలుసని ఆమెకూ తెలుసు.
పొద్దున పదింటి దాకా పసుపు పూలు,
ఎండ ముదిరితే ముడుచుకునేవి.
తరవాత దూదిపింజలు, గాలి ఎటు అంటే అటు.
బిళ్ళ లేదు దానికి. నేనేమీ రాయలేదు.

జూన్‌లో రెండు వానలు పడ్డాయి.
టమాటా మళ్ళ గట్టు మీద, రాళ్ళ సందుల్లో,
ఎవరూ ఫ్రిజ్‌లో పెట్టకుండా
ఇరవై మూడు మొలకలు.
(లెక్కెందుకు పెట్టానంటే, అలవాటు.)
ఆకులు కాస్త పొట్టి, అంచులకు ఎరుపు,
పొట్లం మీది బొమ్మకూ వీటికీ పోలిక లేదు.
ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాను.
చేదే.
చౌడక్క కుళాయి దగ్గర్నుంచి అరిచింది, "ఎంత?"
పుస్తకం గదిలో వదిలేసి వచ్చాను.
నమలడం ఆపకుండా
చెయ్యెత్తి వేళ్ళు చూపించాను,
ఎన్ని చూపించానో
ఆమెకు కనబడిందో లేదో.