జానెడు

ఎండుచేపల బుట్ట దించి
చెయ్యి కడుక్కోకుండానే జీపెక్కాను.
కాశీనగరం సంతలో సవర మాట తెలిసినదాన్ని
ఆవేళ నేనొక్కదాన్నే దొరికానట.

కొండ వాలున గొమాంగో సొంబారి పోడు.
పోడంటే ఏముంది,
ఎర్రరాతి మీద నిలబడ్డ ఎండ.
మూడేళ్ళుగా ఆషాఢం మొహం చాటేస్తోంది.
ఆశ్వయుజంలో ఒక్క రాత్రే వచ్చి
బాకీ మొత్తం చెల్లిస్తానని
మట్టినీ మొలకనీ కలిపి వంశధారలోకి తోసేస్తోంది.

అతని పేరు ఇస్సా. దేశం బుర్కినా ఫాసో.
మా కంటే పొడి దేశమట.
అతను ఫ్రెంచిలో అంటే
కళ్ళద్దాల పిల్ల ఇంగ్లీషు చేస్తుంది,
భువనేశ్వర్ ఆఫీసరు ఒరియా చేస్తాడు,
నేను లోపల తెలుగు చేసుకుని
సవరలో సొంబారి చెవిన వేస్తాను.
ఒక్క మాట ఇన్ని కుండలు మారుతుంటే
కుండకింత ఒలికిపోదా?

గుంట తవ్వాలన్నాడు. పెంట వెయ్యాలన్నాడు.
తరవాత వాళ్ళొస్తారు, వాళ్ళని రానివ్వాలన్నాడు.
ఎవరొస్తారు?
ఆఫీసరు "పోకొ" అన్నాడు.
ఒరియాలో ఏ పురుగైనా పోకొయే.
పురుగొస్తుందట అని చెప్పాను.
సొంబారి నా వంక చూసింది,
కుళ్ళిన చేప అంటగట్టినప్పుడు చూసినట్టు.

ఇస్సా గొంతుక్కూర్చున్నాడు.
రెండు వేళ్ళు నేలమీద నడిపించాడు,
మట్టిలో సన్నటి దారులు గీశాడు.
ఆవిడ లేచి వెళ్ళి
గట్టు పక్క పుట్టలోంచి ఒక పెళ్ళ విరిచి తెచ్చి
అతని అరచేతిలో పెట్టింది.
చెదలు!
వాసన చూసి అతనేదో అన్నాడు.
అది ఫ్రెంచి కాదు. వాళ్ళింటి భాష కాబోలు.
కళ్ళద్దాల పిల్ల తలూపేసింది, తనకీ తెలీదని.
సొంబారి మాత్రం అవునంది.

అప్పుడడిగింది ఆవిడ:
"మీ ఏరు ఎంతమంది దొరలది?"
ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య
మా ఏటి నీళ్ళకి కోర్టు లెక్కలున్నాయి కదా,
ఆ ఒడ్డున మా చెల్లెలుంది కదా,
అడుగుతున్నప్పుడు నా గొంతు కొంచెం పట్టేసింది.

ప్రశ్న వెనక్కి కుండకుండా ఎక్కి వెళ్ళింది.
జవాబు దిగి వచ్చింది: ఆరు దేశాలది.
కూర్చుని మాట్లాడుకుంటారట, అన్నాడు ఆఫీసరు.
అంతే అన్నాడు.
కానీ నేను ఇస్సా చేతులు చూశాను.
రెండు పిడికిళ్ళు గుద్దుకున్నాయి,
విడిపోయాయి, మళ్ళీ పక్కపక్కన మోకాళ్ళమీద వాలాయి.
అందుకని నా అంతట నేనే కలిపాను:
కొట్టుకుంటారు, మళ్ళీ వచ్చి కూర్చుంటారు.
"అలాగయితే నిజమే" అంది సొంబారి.

ఎంత లోతని అడిగితే
అతను చెయ్యి చాపి
బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా విప్పాడు.
ఎవ్వరం నోరు తెరవలేదు.
జానెడు.

డెబ్భై గుంటలు తవ్వింది సొంబారి.
వాన ఈసారీ ఆలస్యంగానే వచ్చింది, కోపంగానే వచ్చింది.
పై వరసలో పద్దెనిమిది కొట్టుకుపోయాయి.
మిగిలినవాటిలో
నీళ్ళు కాసేపు ఆగి ఆలోచించుకున్నాయి.
పండగనాటికి నా ఉప్పు బాకీ కింద
మూడు కుంచాల చోళ్ళు కొలిచింది.
"పుట్టలవాడికి చెప్పు" అంది.
ఏ నోటితో చెప్పను?

రాత్రి ఫోన్లో
ఆవలి ఒడ్డు నుంచి చెల్లెలు.
చెరుకు మానేస్తున్నారట, బోరు గాలి కక్కుతోందట.
ఆ గుంటలేవో ఎంత లోతు తవ్వాలే అక్కా అంది.

చీకట్లో, అది చూడలేదని తెలిసీ,
చెయ్యి చాపాను.
జానెడు పొట్టకి ఎంతో అంతే అన్నాను.