తొమ్మిదంగుళాల తేడా

చలివాగు అవతల నాగులకుర్తి గడీ.
పొద్దున ఏడింటికే టేపు పట్టుకొని దిగినం
నేను, డ్రాయింగు బోర్డుతో సాజిద్,
తాళంచెవుల గుత్తితో కాపలా మొగిలి.

ముందుగాల బురుజులు.
రెండు నిలబడ్డయి. ఒకటి కుప్పై తంగేడు మొలిచింది.
నాలుగోదాని రాళ్లు ఏ ఇంటి ప్రహరీలున్నయో
ఊరందరికీ ఎరుకే, ఎవరూ చెప్పరు.
పెద్దర్వాజ పన్నెండడుగులు. ఏనుగు అంబారీ కోసమట.
ఏనుగు ఎన్నడూ రాలే.
ఒక్క మోటరు వచ్చింది, అదీ తోస్తే.

లోపల నాలుగుదిక్కుల భవంతి,
నడుమ వాన పడేంత జాగా.
ఏటూరునాగారం అడివి నుంచి బండ్లమీద దిగిన
టేకు మొగురాలు ముప్పై రెండు.
సాజిద్ లెక్కిస్తే ముప్పై ఒకటి.
ఆ ఒక్కటి హైదరాబాదుల ఏదో హోటల్ల
రంగుబల్బులు చుట్టుకొని నిలబడ్డదట.

గోడ మందం మూడడుగులు.
డంగుసున్నం, బెల్లంనీళ్లు, కరక్కాయ.
గోటితో గీకిన, రాలలే.
గానుగ చుట్టూ ఎడ్లు తిరిగినయని రాసుకుంటుంటే
"ఎడ్లు పొలంల ఉండె బిడ్డా" అన్నడు మొగిలి.
ఎడ్లు అన్న మాట కొట్టేసిన.
ఆ జాగల ఏం రాయాల్నో ఇంకా తోచలే.

పగటీలి, ఎనక దర్వాజ కాడ లెక్క తప్పింది.
లోపలి గచ్చు నుంచి కొలిస్తే నాలుగడుగుల మూడంగుళాలు.
గడపరాయి మీంచి కొలిస్తే ఐదడుగులు.
అదే చౌకట్, అదే తలుపు.
మూడుమాట్లు కొలిసినం. టేపు మార్చి కొలిసినం.

గడపరాయి లోతుకు దిగి ఉన్నది.
"నీళ్లు పోవుడుకు" అన్నడు సాజిద్.
వాలు చూస్తే నీళ్లు అటు పోవు.

మొగిలి బీడీ ఆర్పి చెప్పిండు:
పనోళ్లంతా తలొంచి రావాలని దొర హుకుం.
కట్టింది ఉప్పరి ఓదెలు.
ఆయన పెండ్లాం నీళ్లబిందెలు మోసేది, ఏడోనెల,
వంగితే ఊపిరాడకపోయేది.
దొర లోపల నిలబడి పైకమ్మి కొలిపించిండు.
కింద రాయి కొలిపించలే.

నిజమేనా? మా తాత చెప్పిండు, అన్నడు.
ఆమె పేరేందంటే, ఎరుకలేదన్నడు.

సర్వే కాయితంల దొర పేరుకు గడి ఉన్నది,
కట్టిన ఏడుకు గడి ఉన్నది.
మాపటీలి అందరూ జీపెక్కినంక
ఆ గడపరాయి మీద నిలబడ్డ.
పైకమ్మి నా నొసటికి తగిలింది.

ఆమె గురించి నా దగ్గర ఉన్నది ఒక్కటే:
ఎత్తు,
ఐదడుగులకు కొంచెం తక్కువ.