ఉన్నిలో పల్లేరు

కరూ ఎడారిలో రాత్రి మూడు.
సెల్‌ఫోన్లు గేటు దగ్గరే, ఇనుప డబ్బాలో పడుకున్నాయి.
ఇక్కడ మైక్రోవేవ్‌లో రొట్టె వేడిచేసుకున్నా తప్పే.
డిష్షులన్నీ మెడలెత్తి
కోట్ల ఏళ్ల కింద బయల్దేరిన ఒక్క మాట కోసం
చెవులు రిక్కించి ఉన్నాయి.

వచ్చింది.
రావడమైతే వచ్చింది గానీ
సూదిలా రావలసింది, తోకతో వచ్చింది.
తారస్థాయి ముందే చేరింది.
మంద్రం కుంటుకుంటూ
మందలోంచి తప్పిన గొర్రెలా
ఆలస్యంగా దొడ్డికొచ్చింది.

దారిలో మేఘాలున్నాయి.
చుక్క రాల్చే మేఘాలు కావు.
పరమాణువుల్నుంచి తెగిపోయిన ఎలక్ట్రాన్లు,
గుప్పిట మూస్తే గుప్పిట ఖాళీ.
అంత పలచటి దానికి
వెలుగంతటిది కాలు తడబడుతుందంటే
ఎవరు నమ్ముతారు?

"కడిగెయ్," అన్నాడు రూలఫ్.
"నాకు గెలాక్సీ కావాలి, మధ్యలో సంత కాదు."
మూడు వారాలుగా
అదే ఉతుకుడు.

లీనీ అపోల్స్ టీ తెచ్చింది,
రూయ్‌బోస్, చక్కెర ఎప్పటిలా ఎక్కువే.
ముప్ఫై ఏళ్లు ఉన్ని ఏరిన వేళ్లు
గీతలరిగి నున్నబడ్డాయి.
ఊళ్లో బ్యాంకు యంత్రం ఆ వేళ్లను చూసి
నువ్వెవరంటుందట, వెళ్లిన ప్రతిసారీ.

తెర మీద గీతను చూసింది. తోకను చూసింది.
"ఇది తీసేస్తావా?"
"మురికి కదా."

"మా షెడ్డుకొచ్చిన కొత్త పిల్లలూ ఇంతే.
పల్లేరుకాయ కనబడితే పీకి పారెయ్యడమే.
నేను ముందు చూసేదాన్ని.
ఈ ముల్లు ఎండిన ఏటి ఒడ్డుది.
ఈ ఎర్రమట్టి డిర్కీ వాళ్ల బీడుది.
ఈ గింజ, కంచె అవతలిది.
గొర్రె నోరు విప్పదు పాపం,
ఎక్కడ తిరిగిందో ఉన్నే చెప్పాలి.
కంచె తెగిందని ఒకసారి అట్లాగే పట్టుకున్నాం."

ఖాళీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది.
చెప్పులు గచ్చు మీద ఈడ్చుకుంటూ.

రూలఫ్‌కి తెల్లటిది పంపాను.
ముల్లు లేదు, మట్టి లేదు,
ఏ గొర్రెదైనా కావచ్చు.
రెండోది ఉతక్కుండా దాచుకున్నాను.
పేరు పెట్టడానికి ఏమీ తోచక
తారీఖు వేశాను.

నెల తిరిగేసరికి
ఆ చోటే మళ్లీ మెరిసింది.
పాతదాని పక్కన పెట్టి చూశాను.
తోక వెంట్రుకవాసి పొడుగు.

మేఘం కదిలిందన్నమాట.
లేదూ,
మేమే కదిలాం,
ఈ ఎడారీ, డిష్షులూ, లీనీ కప్పులో చల్లారుతున్న టీతో సహా.