దుబాసి పద్దు

బెళుగుప్ప దాటినాక తారు అయిపోతుంది.
ఆ పైన తెల్ల బండీ, ఎర్ర దుమ్మూ.
వెనక సీట్లో ఫౌండేషన్ నుంచి వచ్చినామె,
ముందు సీట్లో నేను –
ఆమె మాట ఈ నేలకూ, ఈ నేల మాట ఆమెకూ
దినానికి రెండువేల కూలికి మోసేవాణ్ణి.

వన్నూరమ్మ కంది సాల్లోనే నిలబడి ఉంది.
"ఈ దుడ్లు ఎవురివి నాయనా?" అనింది, కూచోమనక ముందే.
ఒక కుటుంబానివి. తాత సంపాదించినాడు.
మనవలూ మనవరాళ్ళూ ఏడాదికోసారి కూచుని
ఆఫ్రికాలో జొన్నకింత, మన దిక్కు కందికింత
అని రాస్తారని చెప్పినాను.
"పంచుకోకుండా పంచుతారా!
మా ఇంట్లో రెండెకరాలకే
మరుదులు ముగ్గురూ గెట్టు కాడ గడ్డపారలెత్తిరి."
గెట్టుకు ఇంగ్లీషు మాట నాకు దొరకలేదు.
చేత్తో గీత గీసి చూపించినాను.
వచ్చినామె నవ్వింది. రాసుకోలేదు.

కాగితంలో గడి ఉంది: మూడేళ్ళలో ఎంత పెరిగింది?
వన్నూరమ్మ వేళ్ళు మడిచింది.
మొదటేడు వాన వచ్చినట్టే వచ్చి మళ్ళుకునింది.
రెండో ఏడు పంట బాగుండె, పందులకూ బాగుండె.
మూడో ఏడు ఇదిగో, మోకాలెత్తు.
"మూడేళ్ళని ఎవురు పెట్టిరి లెక్క?
వానకు చెప్పినారా?"
నేను చెప్పినాను:
ప్రాజెక్టు కాలవ్యవధి పెంచాలని లబ్ధిదారు అభిప్రాయం.
అది మాత్రం రాసుకునింది.

బండెక్కుతుంటే కొంగు ముడి విప్పి
దోసెడు ఉలవలు ఆమె స్కార్ఫులో పోసింది.
"ఆ తాత చేన్లో ఇత్తమను.
మాకైతే శేరు తీసుకుంటే శేరున్నర వాపసు.
వాళ్ళకు లెక్క లేదు,
మొలిచినాయని కబురంపితే సాలు."

విమానంలో గింజలు పోనీరంట.
బెంగళూరులో దిగేటప్పుడు ఆమె నా చేతిలో పోసి,
రెండు చేతులూ జోడించి పోయింది.
రిపోర్టు వచ్చింది, నలభై పేజీలు, బొమ్మలతో.
వన్నూరమ్మ పదకొండో పేజీలో ఉంది,
నా ఇంగ్లీషు మాట్లాడుతూ.

నిన్న రాత్రి ఫోను:
"ఈడ పదునైంది నాయనా. ఆయమ్మ ఇత్తిందా?"

పొయ్యి మీద ఉలవచారు పొంగుతోంది.
మా ఆమె గరిటె పట్టుకుని నా దిక్కే చూస్తోంది.
ఒక భాషే,
నా సొంత భాషే,
నోరు పెగల్లేదు.