ఎద్దు నాలిక బండ

మద్దిలేటన్న వెబ్‌సైటు తెరిస్తే
మొదట సూర్యుడు పుడతాడు.
ఆ ఎనక జలపాతం.
ఆ ఎనక ఏ దేశందో తెల్లటి వంటిల్లు.
బండ మాత్రం కనపడదు.

బేతంచెర్ల పాలీషు ఫ్యాక్టరీ వరండాలో
నా ల్యాప్‌టాప్ మీద ముగ్గుపిండి లెక్క రాతిదుమ్ము.
"మూడేండ్లాయ పాపా, ముప్పై వేలు పెట్టి చేపిస్తి,
పురుగన్నా పలకరించలే" అన్నాడాయన.
నా ఫోన్లో తెరిచి చూపించినా.
సున్న తిరుగుతాంది. తిరుగుతానే ఉంది.
రంగాపురం మిట్టెక్కే లోడు లారీ నయం.

ఆ పొద్దు నేనేం ముట్టుకోలే.
గల్లాపెట్టె పక్కన స్టూలేసుకొని
ఫోను మోగినప్పుడల్లా చెవి ఒగ్గినా.
ఎవరేమంటే అది, అన్నది అన్నట్టే
రూళ్ళ పుస్తకంలో ఎక్కించినా:
"పచ్చబండ అడుగెంత?"
"గాటిపాట్లో పరిచేకి మందంది ఉందా?"
"తడిస్తే జారుతాదా?"
"ముసలామె ఉందన్నా ఇంట్లో, జారంది చూపీ."
పొద్దుగూకేసరికి రెండు పేజీలు.
ఆ రెండు పేజీల్లో ఎంత వెతికినా
'సహజ శిలా సౌందర్య పరిష్కారాలు' లేదు.
సైటు నెత్తిన ఉండేది అదొక్కటే.

అడిగేటోళ్ళ నోట్లో ఉండే మాట
మన గడప మీద ఉండాలన్నా, అంటే
"అంతేనా?" అన్నాడు.
సగం అనుమానం,
సగం ముప్పై వేల కడుపుమంట.

సూర్యుణ్ణి పీకేసినా.
జలపాతాన్నీ, దాని ఎనక మోగే వీణనూ.
ఒక్కో క్వారీ ఫొటో ఎనిమిది ఎంబీ;
అంచులు కోసి, అరగదీసి
నూరు కేబీకి దించినా.
బూడిద మీద బూడిద అక్షరాలకు నలుపెక్కించినా.
ఫోన్ నంబరు అడుగున యాడ్నో దాక్కోనుంటే
రెక్క పట్టుకొని పైకి గుంజుకొచ్చినా.
నొక్కితే ఏడికీ పోని లింకులు పద్నాలుగు.
ఒక్కోదాన్నీ అడిగినా, యాడికి పోవాలే తల్లీ నువ్వు, అని.

అంతా అయిందనుకున్న వారానికి
డోన్ నుంచి ఎల్లనాగప్ప సారు ఫోను.
"నాకు కండ్లు కనపడవమ్మా. నా ఫోనే చదివి పెడతాది.
మీ మాటలు బాగుండాయి.
బొమ్మ కాడికొస్తే మాత్రం
'ఐఎంజీ సున్నా సున్నా నలభై ఏడు' అంటాంది.
బడి మెట్లకు కావాల నాకు.
నలభై ఏడు అంటే గరుకా, నునుపా?"

నా కాడ జవాబు లేదు.
యార్డులోకి పోయినా.
బండలేరే హుసేనమ్మ నన్ను ఎగాదిగా చూసి
"కండ్లు మూసుకో" అని
నా అరచేయి లాక్కొని ఒక పలక మీద పెట్టింది.
చల్లన. మీగడ.
దాన్ని పక్కకు తోసి ఇంకోటి.
"ఇదేంది?"
చెప్పలేకపోయినా.
"ఎద్దు చేయి నాకినప్పుడు ఎట్లుంటాదే?"

ఆ రాత్రి నలభై ఏడో బొమ్మ కింద రాసినా:
లేతపచ్చ బేతంచెర్ల బండ, పాలీషు లేనిది,
ఎద్దు నాలికంత గరుకు,
తడిలో కాలిని పట్టుకుంటాది.
మిగిలిన అరవై బొమ్మలకు
హుసేనమ్మను నాలుగు రోజులు సతాయించినా.
గూగులుకు కూడా కండ్లు లేవని అప్పుడే తట్టింది;
అదీ మాట పట్టుకొని తడుముకుంటానే వస్తాది.

మొదటి పేజీకేం ఎక్కలేదు.
నెల తిరిగేసరికి రెండో పేజీలో, అడుగున.
ఫోన్లు పదకొండు, బేరాలు నాలుగు,
ఒకటి ఎల్లనాగప్ప సారు మెట్లు.
మద్దిలేటన్న లెక్క చూసుకొని, మీసం దువ్వుకొని
"ఆ సూర్యుణ్ణన్నా ఒక మూలకు పెట్టగూడదా పాపా,
పాపం, బాగుండె" అన్నాడు.

ఏమనాలో నాకు తోచేలోపల
ఫోను మోగింది. ఆదోని.
ఎవరో ఆడమనిషి, చంకలో బిడ్డ ఏడుస్తాంది.
"ఎద్దు నాలిక బండంట కదా,
అడుగెంత?"

రూళ్ళ పుస్తకం
మూడో పేజీ తిప్పినా.